పండుగప్ప పొట్టలో జన ఎందుకు లేదు? లింగం మార్చుకునే చేపలు, వాటి హార్మోన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెద్దమ్మ ఒకసారి నర్సాపురం మార్కెట్లో మూడు కిలోల పండుగప్ప కొంది. కోయించాక చూస్తే పొట్టలో జన, అంటే గుడ్ల తిత్తి, లేదు. "ఇంత చేపకి జన లేకపోడవేంటే, తీసి ఎవరికిచ్చావ్?" అని అమ్మినావిడతో ఒకటే గొడవ. ఆవిడ తీసిందేమీ లేదు పాపం. ఆ చేప మగది. ఇంకో మూడు నాలుగేళ్లు నీళ్లలో ఉండనిచ్చి ఉంటే అదే చేప ఆడదై జన కట్టేదేమో. నేనీ మాట చెప్తే పెద్దమ్మ నమ్మలేదు. జువాలజీ పాఠాలు చెప్పుకునేవాడు చేప కొనడానికి పనికిరాడని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ సంగతి క్లాసులో చెప్పినప్పటి నుంచి పిల్లలు అడుగుతూనే ఉన్నారు. వాళ్ల ఇళ్లలో చెరువులున్నవాళ్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. పెద్ద వరసేమీ పెట్టుకోలేదు.

ప్రశ్న: పండుగప్ప నిజంగానే మగ నుంచి ఆడకి మారుతుందాండీ? లేక ఇది సెల్‌ఫోన్లో తిరిగే కబురా?

నిజమే. పండుగప్ప పిల్లగా ఉన్నప్పుడు కోరంగి మడ అడవుల పాయల్లో, ఉప్పుటేళ్లలో తిరుగుతుంది. మంచినీళ్లలోకి ఎగబాకి కాలవల్లో కూడా పెరుగుతుంది. మూడు నాలుగేళ్లకి ఈడుకొస్తుంది, మగదిగా. గుడ్డు పెట్టే కాలంలో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) వైపు, ఉప్పు ఎక్కువగా ఉన్న నీళ్లకి దిగిపోయి, రెండు మూడు సీజన్లు మగ పని చేస్తుంది. ఆ తర్వాత ఆడదవుతుంది. సుమారుగా ఆరేడేళ్ల వయసు, 80 సెంటీమీటర్లు దాటిన పొడవు. ఊరిని బట్టి, నీటిని బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది. పాపువా న్యూగినీలో మూర్ అనే పరిశోధకుడు 1979లో దీన్ని వివరంగా ప్రచురించాడు. ఆ తర్వాత ఉత్తర ఆస్ట్రేలియాలో డేవిస్ వందల చేపలు కోసి చూసి అదే చెప్పాడు.

అన్నీ మారవు. కొన్ని మగవి ఎంత పెరిగినా మగవిగానే ఉండిపోతాయి, కొద్దిపాటి చేపలు నేరుగా ఆడవిగానే ఈడుకొస్తాయి. అయినా మొగ దగ్గర వలలో పడే భారీ పండుగప్ప తల్లుల్లో చాలావాటికి తండ్రిగా కొన్నేళ్ల అనుభవం ఉంటుంది.

ప్రశ్న: మన దగ్గర ఇంకేవి మారతాయి? పులస కూడానా?

మాగ చేప మారుతుంది. అదీ ముందు మగే, తర్వాత ఆడ. సముద్రంలో పట్టే గ్రూపర్లు తిరగేసి: ముందు ఆడ, బాగా పెద్దవయ్యాక మగ. బొచ్చె, శీలావతి, కొరమేను, వాలుగ లాంటి చెరువు చేపలు మారవు. ఆడగా తేలింది చివరిదాకా ఆడే, మగగా తేలింది చివరిదాకా మగే.

పులస కూడా ఆడా మగా విడివిడిగా ఉండే జాతి. ఎర్రనీటికి ఎదురీది ధవళేశ్వరం దాకా వచ్చేవాటిలో ఆడవీ ఉంటాయి, మగవీ ఉంటాయి. అయితే దాని దగ్గరి చుట్టం ఒకటి బోర్నియో ద్వీపంలో సారవాక్ నదుల్లో ఉంది. అక్కడివాళ్లు దాన్ని తెరుబోక్ అంటారు. మనం పులస మీద పడి చచ్చినట్టే వాళ్లు దాని జన మీద పడి చస్తారు. ఆ చేప మాత్రం చిన్నప్పుడు మగ, పెద్దయ్యాక ఆడ. ఒకే కుటుంబంలో అన్నదమ్ముల దారులు ఇలా వేరవడం చేపల్లో మామూలే. ప్రపంచం మొత్తం మీద ఇలా జీవితంలో ఒకసారి లింగం మారే చేపలు ఐదొందల జాతుల దాకా ఉంటాయని లెక్క.

ప్రశ్న: ఇందులో హార్మోన్ల పని ఏంటి? ఏ హార్మోన్లు?

ఇక్కడ కాస్త తీరుబడిగా కూర్చోవాలి, అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

మగ హార్మోను, ఆడ హార్మోను అని మనం రెండు వేరువేరు సీసాల్లా ఊహించుకుంటాం. అవి రెండూ ఒకే సరుకులోంచి తయారవుతాయి. కొలెస్ట్రాల్ మొదటి ముడిసరుకు. దాన్నుంచి నాలుగైదు మెట్లు దిగితే టెస్టోస్టిరాన్ వస్తుంది. మనిషిలో అయితే మగ హార్మోను అంటే అదే. చేపలో మాత్రం టెస్టోస్టిరాన్ నడిమధ్య మజిలీ. ఆడ చేప రక్తంలోనూ అది బోలెడంత ఉంటుంది.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నిలిచిన నీటిని తలుచుకోండి. అక్కడి నుంచి నీళ్లు తూర్పు డెల్టాకి వెళ్లాలా, పడమటి డెల్టాకి వెళ్లాలా అన్నది ఏ గేటు ఎంత ఎత్తారన్న దాని మీద ఉంటుంది. టెస్టోస్టిరాన్ ఆ నిలిచిన నీరు. గేట్లు ఎంజైములు. అరోమటేజ్ అనే ఎంజైము గేటు ఎత్తితే టెస్టోస్టిరాన్ కాస్తా ఎస్ట్రడయోల్‌గా మారుతుంది, ఆడ వైపు పారుతుంది. ఇంకో పక్క రెండు ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తే అదే టెస్టోస్టిరాన్ 11-కీటోటెస్టోస్టిరాన్ అవుతుంది. చేపల్లో అసలైన మగ హార్మోను ఇది. పేరు పొడుగు కాబట్టి ఇక మీదట దాన్ని 'పదకొండు' అంటాను, నా క్లాసులో పిల్లలు పెట్టిన పేరే.

పండుగప్ప మగగా ఉన్న సీజన్లో రక్తంలో పదకొండు ఎక్కువ. ఆడదై గుడ్డు కట్టేటప్పుడు ఎస్ట్రడయోల్ ఎక్కువ. ఎస్ట్రడయోల్ రక్తంలో కాలేయానికి చేరి, అక్కడ సొన తయారుచేసే మాంసకృత్తును పుట్టిస్తుంది. అది మళ్లీ రక్తంలోనే అండాశయానికి వెళ్లి గుడ్డులో నిండుతుంది. అంటే మనం ఇష్టంగా వేపుకు తినే జనలో సరుకు చాలామటుకు చేప కాలేయంలో పుట్టిందే.

లింగం మారడం అంటే, హార్మోన్ల భాషలో, ఒక గేటు దించి ఇంకో గేటు ఎత్తడం. ఇది ఊహతో చెప్పిన మాట కాదు. జపాన్ ఒకినావాలో ముందు ఆడగా ఉండే, రాస్ అనే పగడపు దిబ్బల చేపలకీ, చిన్న గ్రూపర్లకీ అరోమటేజ్‌ని అడ్డుకునే మందు ఇచ్చి చూశారు. మంద కదపలేదు, నీరు మార్చలేదు. ఆ ఒక్క గేటు మూసేసరికి ఎస్ట్రడయోల్ పడిపోయింది, అండాశయం కరిగింది, దాని చోట వృషణం వచ్చింది. ఆ మందుతో పాటు ఎస్ట్రడయోల్ కూడా ఇచ్చిన రాస్ చేపలు ఆడవిగానే ఉండిపోయాయి. అంటే ఆడతనం ఒకసారి వచ్చి స్థిరపడిపోయేది కాదు, ఏ రోజుకారోజు ఎస్ట్రడయోల్ నిలబెట్టుకుంటున్నది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యమైనది ఇదే.

ప్రశ్న: మరి గేటు ఎత్తేది ఎవరు?

మెదడు. హైపోథలామస్ అనే చోటి నుంచి జీఎన్ఆర్‌హెచ్ అనే చిన్న హార్మోను బయల్దేరి పీయూష గ్రంథికి కబురు చెప్తుంది. పీయూష గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అవి బీజకోశానికి (మగలో వృషణం, ఆడలో అండాశయం) చేరి అక్కడి ఎంజైముల్ని నడుపుతాయి.

ఈ దారి మన డెల్టా రైతులకి కొత్తేమీ కాదు. చెరువులో బొచ్చె తనంతట తాను గుడ్డు పెట్టదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి చేప పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి కార్పు చేపల చేత గుడ్డు పెట్టించారు. జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకునేది అందుకే. ఆ సూది లేకపోతే భీమవరం, కైకలూరు చెరువులకి ఇంత చేపపిల్ల ఎక్కడి నుంచి వచ్చేది? ఇప్పుడు హేచరీల్లో వాడే సూదిమందులో జీఎన్ఆర్‌హెచ్ పోలికలో చేసిన పదార్థం, దాని పనికి అడ్డుపడే డోపమిన్‌ని ఆపే మందు, రెండూ కలిపి ఉంటాయి. లింగం మారే చేపల్లో నడిచేదీ ఇదే దారి.

ప్రశ్న: ఆ మెదడుకి మాత్రం ఇప్పుడు మారాలని ఎలా తెలుస్తుంది?

జాతిని బట్టి. పండుగప్పలో వయసు, ఒళ్లు ముఖ్యం. పగడపు దిబ్బల మీద గుంపులుగా బతికే చేపల్లో మాత్రం పక్కవాళ్లు ముఖ్యం.

ఇతర చేపల ఒంటి మీది పురుగులు ఏరి తినే చిన్న రాస్ ఒకటుంది. ఒక మగ, దాని కింద నాలుగైదు ఆడవి. రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త 1972లో చూపించినదేమిటంటే, ఆ మగదాన్ని తీసేస్తే ఆడవాటిలో పెద్దది కొన్ని గంటల్లోనే మగ పెత్తనం మొదలెడుతుంది. రెండు మూడు వారాల్లో దానికి వీర్యమే వస్తుంది. ఇన్నాళ్లూ అది మగది కాకుండా ఆపినది ఏమిటి? పైన మగది తిరుగుతూ బెదిరిస్తూ ఉండడమే.

క్లౌన్ ఫిష్ దీనికి తిరగేసి. సీ అనిమోన్ అనే సముద్రజీవి వాటికి ఇల్లు. అందులో పెద్దది ఆడ, రెండోది మగ, మిగతావి ఈడుకి రాని పిల్లలు. ఆడది చచ్చిపోతే మగది ఆడదవుతుంది, పిల్లల్లో పెద్దది మగదవుతుంది. మన ఊళ్లో పెద్దరికం చేతులు మారినట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ పదవితో పాటు ఒళ్లూ మారుతుంది.

ప్రశ్న: టెన్షన్ వల్ల మారతాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

సగం నిజం. ఒత్తిడిలో విడుదలయ్యే కార్టిసాల్‌కి ఇందులో చోటుంది. పదకొండుని తయారుచేసే ఎంజైముల్లో ఒకటి కార్టిసాల్‌ని నిర్వీర్యం చేసే పని కూడా చేస్తుంది. అంటే కార్టిసాల్ పెరిగినప్పుడు చేప ఆ ఎంజైముని పెంచుకుంటే, పక్కదారిన మగ హార్మోను కూడా పెరుగుతుంది. ఒకే లాకు నుంచి రెండు కాలవలు తీసినట్టు. ముందు ఆడగా ఉండే రాస్‌కి కార్టిసాల్ ఇచ్చి మగగా మార్చిన ప్రయోగాలున్నాయి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో నీలితల రాస్ మీద ప్రచురించిన పనిలో, మార్పు మొదలైన తొలి రోజుల్లోనే అరోమటేజ్ జన్యువు చప్పబడి, ఒత్తిడి దారికి సంబంధించిన జన్యువులు కదలడం కనిపించింది.

అందుకని ప్రతి కంగారుకీ చేప లింగం మార్చుకుంటుందని కాదు. వలలో పడి కొట్టుకున్న పండుగప్పలన్నీ మారిపోతుంటే మన మార్కెట్ల సంగతే వేరుగా ఉండేది.

ప్రశ్న: వృషణం అండాశయంగా ఎలా అవుతుందండీ? లోపల కొత్తది మొలుస్తుందా?

రెండు పద్ధతులున్నాయి.

ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడికి వెళ్లినవాళ్లకి ఒక పద్ధతి చెప్పడం తేలిక. ఒకే శిల. ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక్కి వెళ్తే మోహిని. తైవాన్‌లో బాగా పెంచే బ్లాక్ పోర్జీ చేప బీజకోశం అలాంటిది: పొట్ట వైపు వృషణం, వీపు వైపు అండాశయం, నడుమ పొర. తొలి రెండేళ్లు వృషణమే పనిచేస్తుంది, అండాశయం నిద్రలో ఉంటుంది. మూడో ఏట కొన్ని చేపల్లో వృషణం ముడుచుకుపోయి అండాశయం లేస్తుంది. పరిశోధకులు ఆపరేషన్ చేసి వృషణం ముక్కను తీసేస్తే అండాశయం ముందుగానే ఎదిగింది. అంటే వృషణమే దాన్ని తొక్కిపట్టి ఉంచిందన్నమాట. క్లౌన్ ఫిష్‌లోనూ రెండూ ముందే ఉంటాయి, కాకపోతే నడుమ పొర ఉండదు.

పండుగప్పది రెండో పద్ధతి. మగగా ఉన్నప్పుడు అక్కడ ఉన్నది వృషణమే. చివరిసారి మగ పని ముగిసే వేళకి దాని అంచుల్లో గుడ్డు కణాలు కనిపించడం మొదలవుతుంది. వీర్యం చేసే కణజాలం కరుగుతూ పోతుంది. కొన్ని వారాల్లో పని అయిపోతుంది. సూక్ష్మదర్శిని కింద ఆ మధ్యదశ చూస్తే ఒకే పలకలో మిగిలిపోయిన వీర్యకణాలు, వాటి పక్కనే గుండ్రటి గుడ్డు కణాలు. ఇంత మార్పు ఇంత త్వరగా అవుతుంది కాబట్టే మధ్యదశలో ఉన్న చేప వలలో పడడం అరుదు, అందుకే జాలర్లకి కూడా ఈ సంగతి పెద్దగా తెలియలేదు.

ప్రశ్న: మధ్యదశలో తనలో తనే పిల్లల్ని పుట్టించుకుంటుందా?

లేదు. ఒకటి పనిచేసేటప్పుడు రెండోది పనిచేయదు. తనను తానే ఫలదీకరించుకునే చేప ఒకటి ఉంది, అమెరికా ఖండాల తీరాల్లో మడ అడవుల కిల్లీఫిష్. అది వేరే కథ.

ప్రశ్న: ఇది జన్యువుల్లో రాసి ఉండదా? ఎక్స్, వై అంటారు కదా?

మనకున్నట్టు ఆడా మగా తేల్చే క్రోమోజోములు పండుగప్పకి లేవు. ఆడ తయారీకి కావలసిన జన్యువులూ, మగ తయారీకి కావలసినవీ ప్రతి చేపలోనూ ఉంటాయి. మగ వైపు డీఎమ్‌ఆర్‌టీ1 అనే జన్యువు ముఖ్యం, ఆడ వైపు అరోమటేజ్‌ని చేసే జన్యువు, దాన్ని ఎగదోసే ఫాక్స్ఎల్2. ఒక పక్షం గెలిస్తే రెండో పక్షం నోరు నొక్కేస్తుంది.

నోరు నొక్కడం ఎలాగంటే, డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు అంటించి. ఆస్ట్రేలియాలో పండుగప్పల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, డీఎమ్‌ఆర్‌టీ1, అరోమటేజ్ జన్యువుల మీద గుర్తులు మగవాటిలో ఒక రకంగా, ఆడవాటిలో ఇంకో రకంగా ఉన్నట్టు తేలింది. పుస్తకం అదే, ఏ పేజీ అంటించారు, ఏ పేజీ విప్పారు అన్నదే తేడా.

ప్రశ్న: ముందు మెదడు మారుతుందా, బీజకోశం మారుతుందా?

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు బీజకోశం అనే రాశాను పరీక్షలో. ఇప్పుడు రాస్తే మార్కులు తీసేస్తాను.

1996లో గాడ్విన్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు నీలితల రాస్ ఆడవాటికి అండాశయం పూర్తిగా తీసేశారు. ఆ తర్వాత దిబ్బ మీద పెత్తనం చేసే మగవాటిని తొలగించారు. బీజకోశమే లేని ఆ ఆడ చేపలు మగవాటిలా తిరగడం, సరిహద్దు కాపలా కాయడం, ఆడవాటిని పిలవడం మొదలెట్టాయి. హార్మోన్లు తయారయ్యే కార్ఖానానే లేదు, అయినా నడత మారింది. నడత మారిందంటే అది మెదడు పని. అక్కడ వాసోటోసిన్ అనే చిన్న హార్మోను ముఖ్యపాత్ర వేస్తుందని తర్వాత తెలిసింది. మనలో వాసోప్రెసిన్ అనేదానికి అది చేప రూపం.

క్లౌన్ ఫిష్‌లో ఇంకా చిత్రం. ఆడది పోయాక మగది పెద్దరికం తీసుకుంటుంది, మెదడులో జీఎన్ఆర్‌హెచ్ ఉండే భాగం ఆడ తీరుకి మారిపోతుంది, బీజకోశం మాత్రం నెలల తరబడి, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువకాలం, మగదిగానే ఉండిపోతుంది. అలాంటి చేపని ఆడ అనాలా మగ అనాలా? మా క్లాసులో ఈ ప్రశ్న వేస్తే గంట కొట్టేదాకా వాదులాట ఆగదు.

ప్రశ్న: మారడానికి ఎంత కాలం పడుతుంది? మళ్లీ వెనక్కి మారగలవా?

నీలితల రాస్‌లో నడత నిమిషాల్లో, గంటల్లో. రంగు ఒకటి రెండు రోజుల్లో. పనిచేసే వృషణం పది రోజుల చుట్టూ. పండుగప్పకి కొన్ని వారాలు.

ఎక్కువ జాతులు ఒక్కసారే, ఒక్క దిక్కునే మారతాయి. ఒకినావా తీరంలో ట్రిమ్మా అనే వేలెడు కూడా లేని గోబీ చేప మాత్రం అటూ ఇటూ మారుతుంది. దానిలో అండాశయం, వృషణం రెండూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పక్కన తనకన్నా పెద్దది ఉంటే ఆడ, చిన్నది ఉంటే మగ. వారం పది రోజుల్లో పని అయిపోతుంది. పీయూష గ్రంథి నుంచి వచ్చే కబురుని అందుకునే గ్రాహకాలు ఈసారి ఏ భాగంలో ఎక్కువగా లేస్తే ఆ భాగం పనిలోకి దిగుతుంది.

ప్రశ్న: అసలు ఇంత అవస్థ ఎందుకు? ఏదో ఒకటిగా ఉండొచ్చుగా?

లాభం లెక్క. గీసెలిన్ అనే శాస్త్రవేత్త 1969లో చెప్పాడు. పండుగప్పలు గుంపుగా చేరి నీళ్లలోకి వదిలేస్తాయి. అక్కడ చిన్న మగదానికి కూడా సరిపడా వీర్యం ఉంటుంది. గుడ్లు మాత్రం ఒంటి సైజుని బట్టే. చిన్న ఆడది లక్షల్లో పెడితే భారీది కోట్లలో పెడుతుంది. కాబట్టి చిన్నప్పుడు మగ, పెద్దయ్యాక ఆడ లాభసాటి. రాస్‌లలో పెద్ద మగది గుంపునంతా తన కింద పెట్టుకుంటుంది, చిన్న మగదానికి ఏమీ దక్కదు. అందుకని అక్కడ చిన్నప్పుడు ఆడగా ఉండడమే తెలివి.

ప్రశ్న: మా చెరువులో పండుగప్ప వేశాం. ఆడవి తయారవుతాయా? 'ఆడ చేపపిల్ల' అని అమ్ముతున్నారు, కొనొచ్చా?

కొనకండి. ఒక మధ్యవర్తి నాకు తెలిసిన బాబాయి ఒకాయనకి 'ఇవి అన్నీ ఆడవే, తొందరగా బరువొస్తాయి' అని చెప్పి పిల్లకి రెండు రూపాయలు ఎక్కువ గుంజాడు. వేలెడంత పండుగప్ప పిల్ల ఆడా కాదు మగా కాదు. మీరు కిలో, రెండు కిలోలకి పట్టేస్తారు. ఆ సైజుకి అది ఈడుకి రాకుండా ఉండొచ్చు, లేదా మగగా ఉండొచ్చు. మీ చెరువులో ఆడది తయారయ్యేంత కాలం దాన్ని మీరు ఉంచరు, మేత ఖర్చు ఉంచనివ్వదు.

ఈ తంటా అసలు హేచరీలది. వాళ్లకి తల్లి చేపలు కావాలంటే ఏళ్లు మేపాలి. మేపితే మగవి చాలావరకు ఆడవైపోయి మగవి చాలకపోవచ్చు. చెన్నైలోని సీబా అనే కేంద్ర ఉప్పునీటి జలకృషి సంస్థ 1997లో మన దేశంలో పండుగప్ప చేత బందీగా గుడ్డు పెట్టించింది. అక్కడి పద్ధతిలో ఒక ఆడకి రెండు మగవి పెట్టి, ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్ (జీఎన్ఆర్‌హెచ్‌కే ఇంకో పేరు) పోలిక మందుని ఆడదానికి కిలోకి 60-70 మైక్రోగ్రాములు, మగదానికి అందులో సగం ఎక్కిస్తారు. 30-36 గంటలకి, రాత్రి వేళ గుడ్డు పడుతుంది. తమిళనాడు తొడువాయిలోని రాజీవ్ గాంధీ జలకృషి కేంద్రం హేచరీలోనూ ఈ పిల్లని తయారుచేస్తారు. ఆస్ట్రేలియాలో చిన్న పండుగప్పలకి ఎస్ట్రడయోల్ ఇచ్చి ముందే ఆడవిగా మార్చాలని చూశారు. గ్రూపర్లలో తిరగేసి సమస్య: మగవి దొరకవు కాబట్టి ఆడవాటికి మిథైల్ టెస్టోస్టిరాన్ ఇచ్చి మగవిగా మారుస్తారు. మందు ఆపితే కొన్ని మళ్లీ ఆడవైపోతాయి. గేటు మాట ముందే చెప్పాను కదా.

ప్రశ్న: బతికున్న పండుగప్ప ఆడో మగో ఎలా తెలుస్తుంది?

సీజన్లో మగదాని పొట్ట మెల్లగా నొక్కితే తెల్లటి పాలు వస్తాయి. ఆడదైతే సన్నటి గొట్టం రంధ్రంలోంచి పంపి నాలుగు గుడ్లు తీసి చూస్తారు. సీజన్ కాకపోతే పైకి చూసి చెప్పగలిగినవాణ్ణి నేను చూడలేదు. చెప్పేస్తానన్నవాళ్లని చాలామందిని చూశాను.

ప్రశ్న: తిలాపియాకి మందు పెట్టి అన్నీ మగవి చేస్తారు. అదీ ఇదీ ఒకటేగా?

ఒకటి కాదు. తిలాపియా తనంతట తాను పెద్దయ్యాక లింగం మార్చుకునే చేప కాదు. గుడ్డులోంచి వచ్చిన కొద్ది రోజుల్లో, ఇంకా ఏదీ తేలని పసిదశలో, కిలో మేతకి 60 మిల్లీగ్రాముల 17-ఆల్ఫా మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపి మూడు నాలుగు వారాలు పెడతారు. అప్పుడు దాదాపు అన్నీ మగవిగా తేలతాయి. మగది త్వరగా పెరుగుతుంది, చెరువు నిండా పిల్లలు పడవు. పండుగప్ప పెద్దయ్యాక తనే చేసుకునేదాన్ని ఇక్కడ పసితనంలో మనిషి చేస్తున్నాడు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ పొడి కలిపే పనివాళ్లు ఒట్టి చేతులతో కలుపుతుంటారు. అది చర్మంలోంచి, ఊపిరిలోంచి లోపలికి పోతుంది, కాలేయానికి మంచిది కాదు. చేతికి గ్లవ్స్, మూతికి మాస్కు లేకుండా దాన్ని ముట్టుకోనివ్వకండి. గర్భిణులను ఆ షెడ్డు దరిదాపులకి రానివ్వకండి.

ప్రశ్న: ఇలాంటి చేపలు తింటే మన ఒంట్లో హార్మోన్లు మారిపోవూ?

మారవు. పండుగప్పలో ఉండేవి దాని సొంత హార్మోన్లు, అతి సూక్ష్మమైన మోతాదుల్లో. నోటి ద్వారా పోయిన కాస్త ఎస్ట్రడయోల్‌ని మన కాలేయమే చాలామటుకు విరగ్గొట్టేస్తుంది. ఇక తిలాపియాకి మందు పెట్టేది అది గ్రాము కూడా లేనప్పుడు. నెలల తర్వాత మీ కంచంలోకి వచ్చేసరికి ఆ మందు మిగలదు. మా ఊళ్లో ఒకాయన ఈ భయంతో చేప మానేసి కోడిపకోడీ మరిగాడు, అది వేరే జబ్బు.

ప్రశ్న: కాలవల్లో కలిసే మందుల వల్ల చేపల లింగం మారుతుందట. అదీ సహజమేనా?

కాదు, అది రోగం. కెనడాలో ఒక సరస్సులో 2001 నుంచి మూడేళ్లు గర్భనిరోధక మాత్రల్లో ఉండే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ని లీటరుకి ఐదారు నానోగ్రాముల చొప్పున కలిపి చూశారు. మిన్నో అనే చిన్న చేపల్లో మగవాటి ఒంట్లో ఆడ చేపలో ఉండాల్సిన సొన మాంసకృత్తు పుట్టింది, వృషణాల్లో గుడ్లు కనిపించాయి, కొన్నేళ్లలో ఆ చేపల సంతతి కుప్పకూలింది. అవి ఆడవి కాలేదు, మగవిగా పనికిరాలేదు. పండుగప్ప మార్పు చివరికి గుడ్డు పెట్టే చేపని ఇస్తుంది. ఆ సరస్సులో మార్పు ఏమీ ఇవ్వలేదు.

ప్రశ్న: రొయ్యలు?

వనామీ మారదు, టైగర్ మారదు. చల్లటి సముద్రాల్లో పాండలస్ అనే రొయ్య ముందు మగ, తర్వాత ఆడ. రొయ్యల్లో మగతనాన్ని నడిపేది స్టిరాయిడ్ కాదు, ఆండ్రోజెనిక్ గ్రంథి నుంచి వచ్చే ఇన్సులిన్ లాంటి మాంసకృత్తు.

ప్రశ్న: పెద్ద పండుగప్పలు పట్టేస్తే ఏమవుతుంది?

తల్లులు పోతాయి. మామూలు చేపలో పెద్దవి పట్టినా ఆడా మగా రెండూ పోతాయి. పండుగప్పలో పెద్దవన్నీ దాదాపు ఆడవే కాబట్టి పెద్ద కన్ను వల ఏరి ఏరి తల్లుల్నే తీసుకుపోతుంది. చిన్న కన్ను వల ఇంకా తల్లి కాని మగవాటిని తీసుకుపోతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది, కానీ పండుగప్ప గుడ్డు పెట్టే కాలం వానల్లోకి సాగుతుంది. పెద్దవే తల్లులు కాబట్టి ఉత్తర ఆస్ట్రేలియాలో కొన్నిచోట్ల దీనికి చిన్న సైజు హద్దుతో పాటు పెద్ద సైజు హద్దు కూడా పెట్టారు. మరీ చిన్నది పట్టకూడదు, మరీ పెద్దదీ పట్టకూడదు. అంతర్వేది మొగ దగ్గర, భైరవపాలెం దగ్గర ఇలాంటి హద్దు ఉండాలని నా అభిప్రాయం. పది కిలోల చేప పడవలోకి లాగిన జాలరికి దాన్ని నీళ్లలో వదలమని చెప్పడం కుర్చీలో కూర్చున్న నాకు తేలికేనని కూడా తెలుసు.

ప్రశ్న: (మా పెద్దమ్మ అడిగింది) ఒరేయ్, ఇంతకీ జన ఉన్న పండుగప్ప కావాలంటే ఎంతది కొనాలి?

ఐదారు కిలోలు దాటాలి, సీజన్ అయ్యుండాలి, మొగ దగ్గర పడ్డదై ఉండాలి పెద్దమ్మా. అది కొనే బదులు ఆడ పులస కొనుక్కో, జన ఖాయం అన్నాను. పుస్తెలమ్మైనా పులస తినాలని మీరేగా అంటారు అని కూడా అన్నాను.

"ఆ పుస్తెలు మీ పెదనాన్న చెరువు లీజుకి ఎప్పుడో పెట్టేశాడ్రా" అంది.